కొసరు

ఫైరింజన్లు రెండూ పొద్దున్నే బయటికి తోలి
వాటి చోట బల్లలు వేశాం.
నూనె మరక దగ్గర కూర్చోమని అందరూ మొండికేశారు.
ఏడేళ్ళ ఎనోస్ మాత్రం
అది అచ్చం పీతలా ఉందని సంబరపడి
అక్కడే దుకాణం పెట్టాడు.

బడికి వెళ్ళని పిల్లలు వీళ్ళు.
వంటింటి బల్లల మీద, పిండి చేతుల పక్కన నేర్చిన తీసివేతలు
ఇవాళ బిస్కెట్ డబ్బాల్లో చిల్లరై గలగలమంటున్నాయి.

ఎనోస్ అమ్మేది గులకరాళ్ళు.
లూనెన్‌బర్గ్ రేవు పక్కన ఏరినవి.
తడిస్తేనే రంగు తేలుతుందని గిన్నెడు నీళ్ళు పెట్టాడు.
రాయి పాతిక సెంట్లు. ఒకటి మాత్రం అమ్మడట.
"మరెందుకు పెట్టావురా?"
"చూడ్డానికి" అన్నాడు,
అంతమాత్రం తెలీదా అన్నట్టు.

లవీనియా జ్విక్కర్ కి పదకొండేళ్ళు.
తేనెమైనపు కొవ్వొత్తులు. ఈగలూ తనవే, కుట్టించుకున్నదీ తనే.
బోణీ లేకుండా గంట గడిచింది.
పొడుగువి ముందుకీ, పొట్టివి ముందుకీ
మళ్ళీ పొడుగువి ముందుకీ
మార్చి మార్చి పేరుస్తోంది.
పక్కన ఆపిల్ కేకుల దగ్గర తోపులాట.
వాళ్ళమ్మ దూరంగా గోడకానుకుని
చేతులు కట్టుకుని నిలబడింది.
సాయానికి వెళ్ళకుండా ఉండాలంటే
చేతుల్ని అలా కట్టెయ్యాలని
నాకు అప్పుడే తెలిసింది.

పదకొండుంపావుకి నా నడుం దగ్గర పేజర్ కూసింది.
కొండ దారిలో ఎవరిదో పొగగొట్టం అంటుకుంది.
ఆరుగురం పరుగు. కేకు కొరికినవాడు నమలకుండానే పరుగు.
పెర్లీ మోచెయ్యి తగిలి
ఎవరివో అల్లిక చేతితొడుగులు నేలరాలాయి.
వెనక నుంచి ఒక పిల్ల గొంతు:
"నేను ఏరతాలెండి, మీరు వెళ్ళండి!"

మూడింటికి తిరిగొచ్చాం.
ఇల్లు దక్కింది. పొగగొట్టం దక్కలేదు.
కోటులో దాచి తెచ్చిన పిల్లి నా మెడంతా గీరింది.
పిల్లలింకా బల్లలు మడవలేదు.
మా కోసమేం కాదు,
నాలుగు దాకా అని అట్టమీద రాశారు కాబట్టి.

మసి చేతులతో లవీనియా ముందు నిలబడ్డాను.
"పొడుగుదొకటి ఇవ్వమ్మా."
జేబులు తడుముకున్నాను. పర్సు ఇంకో ప్యాంటులో ఉండిపోయింది.
'అప్పు రేపు' అనలేదు.
నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, స్కేలుతో గీత కొట్టి
నా పేరులో అక్షరాలు రెండుసార్లు అడిగి
ఐదు డాలర్లు, అని రాసుకుంది.
"ఎన్ని అమ్మావు?"
"మీదే బోణీ."
అప్పుతో బోణీ చేసిన చేతుల్ని
ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

కొసరుగా ఒక పొట్టిది కూడా కాగితంలో చుట్టింది.
దారానికి వేలాడే చీటీ మీద పెన్సిలు రాత.
అన్నిటి మీదా అదే:
'ఆర్పకుండా నిద్రపోవద్దు.'

నేను నవ్వలేదు.
"అలాగే" అన్నాను.

బయట ఇంజన్ల ఒంటిమీంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.
ఎనోస్ ఆ ధార కింద
అమ్మనన్న రాయిని పట్టుకుని
తిప్పి తిప్పి చూస్తున్నాడు.