సొన మరక

తోతాపురి కాయ తొడిమ తుంచినప్పుడు
చిమ్మే సొన చూసినావా మేయ్,
తెల్లగా ఉంటాది. పాలనుకుంటావు.
తోలు మీద ఆరినాక నలుపు.
సబ్బుకు పోదు, సున్నానికి పోదు,
కిరసనాయిలు పెట్టి రుద్దితే చెయ్యి మండతాది గానీ
మరక నవ్వతానే ఉంటాది.
సీజను మూణ్ణెల్లు నా చేతులు నావి కావు,
జ్యూసు ఫ్యాక్టరీవి.

ఆ చేతుల్తోనే పొయ్యినా
చిత్తూరు గాంధీబొమ్మ కాడికి.
కాలేజీ పిల్ల చెయ్యి ఎవడో బస్సులో పట్టి లాగినాడని
టౌన్లో ఆడోళ్ళంతా కదిలిన సాయంత్రం.
మా మేస్త్రీనే పంపించినాడు,
"పొండి, జనం తక్కువైనారంట, కూలి కొయ్యన్లే."
పన్నెండు మందిమి ఒకే ఆటోలో కుక్కుకుని దిగినాం.
మామిడి వాసన మాకంటే ముందు దిగింది.

మైకులో మేడంది మంచి గొంతు.
ఆడదానికి కులం లేదనింది.
మనందరిదీ ఒకటే నొప్పి అనింది.
నేనూ చప్పట్లు కొట్టినా. అబద్ధమెందుకు,
కండ్లల్లో నీళ్ళు కూడా తిరిగినాయి.

తర్వాత మానవహారం.
చెయ్యీ చెయ్యీ పట్టుకోండన్నారు.
ఎడం పక్క మా మొగిలమ్మ.
కుడి పక్క కళ్ళద్దాలామె, వంకాయ రంగు చీర.
నా చెయ్యి చూసింది.
ఏమీ అన్లే. పాపం, నవ్వింది కూడా.
నా గాజును పట్టుకుంది, రెండు వేళ్ళతో,
వేడిగిన్నె అంచు పట్టుకున్నట్టు.
పేపర్లో ఫోటోలో మాత్రం
చేతులు కలిసినట్టే పడింది.

పోయినేడు ఇదే ఆషాఢంలో
కోల్డ్‌రూమ్ వెనక్కి మా దొరసానిని ఈడ్చింది
ఆ మేస్త్రీనే.
స్టేషన్ మెట్ల మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాం.
ఏ బొమ్మకాడా ఒక్క కొవ్వొత్తి వెలగలే.
మా పేటలో మొగోళ్ళు కూడా అన్నారు,
"గమ్మునుండండి, మళ్ళా పనికి పిలవరు."
ఆ మాటా చెప్పాల.
చెప్పకుంటే నేనూ గాజు పట్టుకున్నట్టే.
దొరసాని మళ్ళా అదే గేటుకే వస్తాది.
ఈ పక్క ఇంకో సీజను యాడుండాది?

ఎస్తేరు, మా పెదనాయన మనవరాలు,
తిరపతిలో మహిళా యూనివర్సిటీలో చదవతాది.
ఆదివారం వచ్చి నా చేతులకు టెంకాయ నూనె రాస్తా చెప్పింది:
అమెరికాలో నల్ల ఆడోళ్ళంట,
ఓటు కావాలని తెల్లామెలు ఊరేగింపు తీస్తే
మీరు తోకలో నడవండి అన్నారంట.
ఆ ఇండ్లల్లో బట్టలుతికి, ఆ బిడ్డల్ని సాకి
వచ్చినోళ్ళని.
"మరి నడిచినారా?"
"కొందురు తోకలో నడిచినారు,
ఒకామె నడీమధ్యలో దూరిందంట,
కొందురు సొంత సంఘం పెట్టుకున్నారు."

శానాసేపు నేను మాట్లాడలే.
సముద్రం అవతల ఎవురో
నా గాజు పట్టి కదిపినట్టుండింది.
"వాళ్ళదే చెట్టు సొనో" అన్నా.
"పుట్టుకతో అంటింది అత్తా,
మనదీ అంతే గదా" అని నూనె సీసా మూసింది.

పేర్లు రాసుకున్న కాగితంలో నా నెంబరుంది.
ఫోను చేసింది ఆ కళ్ళద్దాలామే.
మళ్ళా మీటింగంట. "మీలాంటోళ్ళు రావాల."
నేనన్నా: మేడం, ఈతూరి మీరే రాండి.
రాత్రి ఎనిమిదిన్నరకి షిఫ్టు వదులుతారు.
గేటు దాటినాక హైవే దాకా లైటు లేదు,
ఆ మిగిలిన కొవ్వొత్తులు ఆడ పనికొస్తాయి.

వస్తాదనుకోలే.
వచ్చింది, స్కూటీ మీద, ఒక్కతే,
చెప్పుకంటిన గుజ్జును విదిలించుకుంటా.
దొరసాని ఆమె మొహమే చూస్తా నిలబడింది.
ఉక్క. ఆమెకు గొంతెండిందేమో,
"నీళ్ళుంటే ఇస్తారా?" అనింది.

నా సీసా మూత తీసి
ఈ చేత్తోనే చాపినా.
పన్నెండు మందిమీ
ఆమె చేతినే చూస్తా ఉండాం.