నంబరు 2317

డిస్కు నిండిపోయిందని మూడ్రోజులుగా ఒకటే గోల.
గుణుపురం గేజి ఆఫీసులో ఈ పాత మిషనుకి
మౌసు లేదు, బొమ్మలు లేవు.
నల్లటి తెర, మినుకుమనే గీత.
వంశధార మట్టం అందింది, అందింది, అందింది,
గంటగంటకీ తనకు తానే రాసుకున్న ఉత్తరాలు
నాలుగువేల చిల్లర.

'డి' కొట్టి పక్కన నక్షత్రం పెట్టాను. ఎంటర్.
చప్పుడైనా కాలేదు.
ఇంత ఏరు ఇంత తేలిగ్గా ఇంకిపోద్దా?

ఊరికే, పరీక్షకి,
'యు' కొట్టి చేతికొచ్చిన నంబరొకటి వెనక్కి పిలిచాను.

పంపింది మిషను కాదు.
మంగులు సబర్, రేవు మెట్ల దగ్గర కొలబద్ద చదివేవాడు.
ఇంగ్లీషు అక్షరాల్లో ఒడియా:
ఝిఅ హెలా. ఆడపిల్ల పుట్టింది.
రెండు గంటల కొలత చూళ్లేదు బాబూ.

రిజిస్టర్లో ఆ గడి ఇప్పటికీ ఖాళీ.
ఆడిటు వాళ్లు రెండేళ్లు వరసగా
దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు,
సంజాయిషీ ఏదని.
ఇదిగో, ఇక్కడుంది సంజాయిషీ.

'క్యూ' కొట్టేదాకా
చెరిపిందేదీ చెరిగినట్టు కాదు.
టీ తాగొచ్చి, ఇంకోసారి చదివి, కొట్టాను.

మళ్లీ తెరిస్తే
నాలుగువేల గంటల నీళ్లు పోయి
ఒక్కటే మిగిలింది.
నంబరు మారింది దానికి:

1.