స్వార్జితం

పియెలినెన్ సరస్సు గడ్డకట్టిన వారానికి
నాన్న నలభై మూడో ఏట పడిపోయాడు.
గొడ్డలి బిర్చి దుంగలోనే దిగబడి ఉంది.
సగం చీలిన ఆ దుంగని
అమ్మ చలికాలమంతా పొయ్యిలో పెట్టనివ్వలేదు.

బండచాకిరీ చంపిందన్నారు.
బాబాయి ముప్పై తొమ్మిదికి పోతే, యుద్ధం అన్నారు.
మేనత్త పాలు పితుకుతూ
ఆవు డొక్కకి తల ఆనించి అలాగే ఉండిపోతే
ఎవరూ ఏమీ అనలేదు.
అప్పటికి సాకులు అయిపోయాయి.

పొలం అన్నయ్య ఉర్పోకి.
సరస్సు గట్టు గుడిసె, రెండు ఆవులు నాకు.
కాగితం మీది పంపకం అంతే.

నాన్న మోచేతుల మీద గోధుమగింజల్లాంటి గడ్డలుండేవి,
నల్లగుడ్డు చుట్టూ బూడిదరంగు వలయం.
"అచ్చు నాన్న కళ్ళే" అని
అమ్మ నా గడ్డం పట్టుకుని మురిసిపోయేది.
ఇరవై ఆరేళ్ళకి నా మడమ వెనక నరం మోకులా లావెక్కింది.
బూటు బిగుతనుకుని
కొత్త బూట్లు కొన్నాను.

ఆ వేసవిలోనే మోపెడ్ మీద నర్సు వచ్చింది, సైమి అనే పిల్ల.
చేతికి పట్టీ చుట్టింది, రక్తం తీసింది,
పాల డెయిరీ బిల్లు తిరగేసి మా వంశం గీసింది.
మగవాళ్ళకి చతురస్రాలు, ఆడవాళ్ళకి సున్నాలు,
పోయినవాళ్ళ మీద అడ్డగీత.
పంతులు కొట్టేసిన లెక్కల పలకలా ఉన్నాం మేం.

"సగానికి సగం" అంది.
"ప్రతి బిడ్డకీ నాణెం కొత్తగా ఎగరేసినట్టే.
పోయినసారి బొమ్మ పడ్డ సంగతి
నాణేనికి గుర్తుండదు."

నా రక్తం అంకె చూసి, నమ్మలేక, మళ్ళీ తీసింది.
ఉర్పో అంకె మామూలుకి ఓ గుప్పెడు ఎక్కువ, అంతే.

"నాణెం నా వైపు పడింది!"
ఆ రాత్రి వాడు రై రొట్టె మీద
వేలెడు మందాన వెన్న పరిచాడు.
ఉప్పు చేప, మీగడ కాఫీ, చుట్ట మీద చుట్ట.
చేతికి పట్టీ మళ్ళీ చుట్టించుకోలేదు.

నేను ఇసుకలాంటి పొడి
లింగన్ పళ్ళ రసంలో కలుపుకుని
కళ్ళు మూసుకుని మింగేదాన్ని, పూటపూటా, ఏళ్ళ తరబడి.
కుందేలు మేత అని నవ్వేవాళ్ళు.
అమ్మ నవ్వలేదు.
వెన్న చిలికింది ఆవిడ చేతులు మరి,
వెన్న వద్దంటే ఆ చేతులు వద్దన్నట్టే.

ఉర్పో యాభై ఒకటికి పోయాడు,
సౌనా మెట్ల మీద, ఒంటికి ఆవిరి ఇంకా ఆరకముందే.
నాన్నది పిత్రార్జితం.
వీడిది స్వార్జితం, పైసా పైసా కూడబెట్టుకున్నది.

ఈ మాట చాలాకాలం తెలివిగా అనుకుంటూ తిరిగాను.
ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను.
రంపపు మిల్లు మూతపడిన ఏడాది,
లేంపి పిల్లల్ని తీసుకుని స్వీడన్ వెళ్ళిపోయిన ఏడాది,
మూడు గంటలకే చీకటిపడే డిసెంబరులో
ఒక్కడే వంటింట్లో కూర్చుని వాడు వెలిగించిన చుట్టలు...
సైమి కాగితం మీద వాటికి
చతురస్రమూ లేదు, సున్నా లేదు.

నాకిప్పుడు డెబ్బై ఎనిమిది.
రాత్రిపూట ఒక్క మాత్ర, చింతగింజంత కూడా ఉండదు.
నాన్నకి అందనిది, బాబాయికి అందనిది.
దాన్ని మింగేముందు అరచేతిలో కాసేపు ఉంచుకుంటాను,
ఎవరికో వాటా ఇవ్వాల్సినట్టు.

రేపు మనవరాలు విల్యాకి రక్తం తీస్తారు. ఆరేళ్ళు.
కిటికీ దగ్గర నిలబెట్టి
దాని కళ్ళలోకి వంగి చూశాను.
వలయం లేదు. ఈ వయసుకి ఉండదనీ తెలుసు,
అయినా చూశాను.
అది ఆటనుకుంది.
రెప్ప వేయకుండా నన్నే చూస్తూ నిలబడింది.

నేనే ముందు ఓడిపోయాను.