పదికి ఎన్ని

నల్లచెరువు మున్సిపల్ హైస్కూలు, మూడో పీరియడు.
డ్రాయింగు మాస్టార్ని కదా అని
నాలుగు పాఠాల వెబ్‌సైట్లు, ఒక మార్కుల కాగితం
నా చేతిలో పెట్టి వెళ్లారు హెడ్మిస్ట్రెస్ గారు.
రంగులు, పదికి ఎన్ని?
అక్షరాలు, పదికి ఎన్ని?
బొమ్మలు, అమరిక, మొత్తమ్మీద చూడముచ్చట.

ఈ ఉద్యోగానికి ముందు పదకొండేళ్లు
పట్నంబజారు షాపులకి బోర్డులు రాశాను.
రాయడం అయ్యాక నిచ్చెన దిగి
రోడ్డు దాటి, సోడాబండి పక్కన నిలబడి చూసేవాణ్ని.
అక్కడికి ఆనకపోతే
ఎంత నగిషీ చెక్కినా రంగు దండగే.

మొదటిది పెళ్లిపందిరి.
ఎగిరే రాకెట్టు, చప్పట్లు కొట్టే ఎలుగుబంటి,
భిన్నాలు మాత్రం ఎక్కడో
ఆఖరి బంతిలో ఆఖరి విస్తరి దగ్గర.
రెండోది ఖరీదైన ఆసుపత్రిలా తెల్లగా ఉంది,
లేత బూడిద మీద ఇంకాస్త ముదురు బూడిద అక్షరాలు.
ఫ్యాను కింద కూర్చుని చూస్తే అందమే.
ఎనిమిది వేశాను.
మూడోదాంట్లో 'సూక్ష్మజీవి'కి మావత్తు ఊడి
పక్కకొచ్చి నిలబడింది
క్లాసు బయట నిలబెట్టిన పిల్లాడిలా.

నాలుగోది విప్పేముందు ఎందుకో
వరండాలోకి పిలిచాను ఖాసింబీని.
తొమ్మిదో తరగతి. ఫోను వాళ్లన్నది,
ఓ మూల సాలెగూడులా పగిలింది.
"ఆ తెల్ల పేజీ తెరువమ్మా."
తెరిచింది. ఎండకి అరచెయ్యి అడ్డం పెట్టింది. కళ్లు చిట్లించింది.
తర్వాత వేలికొనతో కాదు,
వేలు మడిచి కణుపుతో
తలుపు తట్టినట్టు తట్టింది తెరని.
'ముందుకు' అనే మీట ఆవగింజంత.
కణుపు పడ్డప్పుడల్లా పక్కనున్న 'మూసివేయి' తగిలి
పాఠం మూసుకుపోతోంది.

"వేలితో నొక్కరాదూ?"
"నిన్న ఏటుకూరు రోడ్డులో
మిరపకాయలకి తొడిమలు తీయను పోయా సార్.
ఇంకా మండుతున్నాయి.
ఫోనుకంటితే మా అన్న కళ్లు నలుపుకుంటాడు."

కాగితం తిరగేసి చూశాను.
కణుపుకి గడి లేదు.
ఎండకి లేదు.

సుద్దముక్కతో గచ్చు మీద
అప్పడమంత మీట గీశాను.
నవ్వింది. "ఇంతైతే పాఠం యాడ పెడతారు సార్?"
పాదంతో చెరిపేసి, తనే గీసింది,
రూపాయి బిళ్లకి కాస్త పెద్దది,
చుట్టూ నల్లటి గీత, పక్కన బోలెడు ఖాళీ.
ఆ ఖాళీ నాకు తట్టలేదు.

ఎనిమిది కొట్టేశాను.
ఎంత వెయ్యాలో ఇంకా తేలలేదు.
నాలుగోది ఆమె చేతికే ఇచ్చి
రోడ్డు దాటినట్టు
నాలుగడుగులు వెనక్కి జరిగాను.