గొరక

కాలువలు కట్టేసిన వైశాఖం.
గట్టుకీ గట్టుకీ నడుమ మోకాలిలోతు బురద,
అందులో సగం ఊరు.
ఓలేటి ఏడుకొండలుకి రెండు చేతులా రెండు చేపలు,
కాళ్ల మధ్య మూడోది తగిలితే
ఒకదాన్ని పళ్లతో పట్టుకున్నాడు.
చిన్నప్పట్నుంచీ అందరూ చేసే పనే.
గొరక ఒక్కసారి తోక ఆడించింది.
చీకటి కనిపిస్తే లోపలికి దూరడమే
దానికి తెలుసు.

రాజోలు ఆస్పత్రికి ఆటోలో కూర్చునే వచ్చాడు.
పడుకోబెట్టబోతే నా చెయ్యి విరిచినంత పని చేశాడు.
నాలుక వెనక తోక కొస.
ప్రతి ఊపిరికీ మెడగుంటలో చర్మం లోపలికి పీక్కుపోతోంది.
వేలికి తగిలించిన మీటరు
ఎనభై రెండు.

"మత్తిస్తాను" అన్నాను.
"ఇస్తే పోతాడు" అన్నారు గుమ్మంలోంచి విస్సంరాజు గారు.

ఆయనది ఇరవై రెండేళ్ల ఆపరేషన్ థియేటరు.
నాది కాకినాడలో కొత్తగా పెట్టిన చదువు,
మూడేళ్ల క్యాజువాలిటీ.
మత్తుమందుల బీరువా తాళం ఆయన జేబులో.
నేను గొట్టం వేసిన ప్రతి మనిషి పళ్లూ
మర్నాడు వచ్చి లెక్కపెట్టేవారు.
ఆయన కేసుని సూపరింటెండెంటు మెచ్చుకున్న రోజు
నాకు టిఫిన్ సయించేది కాదు.
చెప్పుకోడానికి సిగ్గే.

"ఇవ్వకపోతే పెనుగులాడి పోతాడు సార్."
"కండలు వదిలేస్తే ఆ ఉన్న సందూ మూసుకుంటుంది."
ఇద్దరి మాటా నిజమే.
బల్లకి చెరో పక్కన నిలబడ్డాం
చెరో నిజం పట్టుకుని,
మధ్యలో డెబ్బై ఆరు.

తలుపు దగ్గర మంగతాయారు
బురద చీర కుచ్చిళ్లు పిడికిట్లో నలుపుతూ
"గొరకండి అది, వెనక్కి లాగకండి ఆయ్!
లాగేకొద్దీ మొప్పల ముళ్లు విప్పుద్ది.
కాస్త ముందుకి తొయ్యండి,
ముడుసుకుంటది" అంది.

ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు.

తాళం తెరుచుకుంది. కెటమిన్.
"కొంచెం కొంచెంగా" అన్నారు, నాకు తెలియదన్నట్టు.
"ఊపిరి ఆపని మందే సార్" అన్నాను, ఆయనకి తెలియదన్నట్టు.
సిస్టర్ కరుణకుమారి అప్పటికే
మెడ మీద అయొడిన్ పూసి, బ్లేడు కవరు చింపి ఉంచింది.
గోటితో ఆ మెత్తటి చోట గీత గీశాను.
ఇది తప్పితే, ఇక్కడే.

కళ్లు తెరిచే ఉన్నాయి,
మనిషి మాత్రం వాటి వెనక నుంచి పక్కకి తప్పుకున్నాడు.
ఛాతీ లేస్తోంది. పడుతోంది.
లారింగోస్కోపు కోసం ఆయన చెయ్యి చాచారు.
చాచి, ఆగి,
ఆ చెయ్యే ఏడుకొండలు గొంతు మీదికి దించారు.
"నువ్వే చూడు. నేను నొక్కుతా."

పైనుంచి ఆయన వేళ్లు, లోపల నా వెలుతురు.
"కుడికి సార్... ఇంకాస్త..."
"కనబడిందా?"
"మొప్ప కనబడింది."
"తొయ్యి."
వరిగింజంత తోశాను.
ముళ్లు ముడుచుకున్న చప్పుడు విన్నానని ఇప్పటికీ అనుకుంటాను,
వినబడే అవకాశమే లేదు.

స్టీలు ట్రేలో పడి కొట్టుకుంది.
నీళ్లు లేకపోయినా గాలి పీల్చి బతికే జాతి,
ఇంతసేపూ అతని వాటా గాలి తాగి
బతికే ఉంది.
తొంభై నాలుగు.
ఎవరూ ఎవరినీ అభినందించుకోలేదు.
ఆయన టార్చి వేసి పళ్లు లెక్కపెట్టారు.
"కింద ఒకటి లేదు."
"అది ముందునుంచీ లేదండి" అంది మంగతాయారు.

సోమవారం నా పేర మెమో.
థియేటరుకి చెందిన ఫోర్సెప్స్ ఒకటి
క్యాజువాలిటీ నుంచి తిరిగి రాలేదట,
మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.
కింద విస్సంరాజు గారి వంకర సంతకం,
అవే వేళ్లతో పెట్టినది.

జవాబు మూడుసార్లు రాసి చింపాను.
నాలుగోసారి రెండే ముక్కలు:
నా సొరుగులోనే ఉంది.
ఇవ్వను.