అర మిల్లీమీటరు

దస్తగిరి అంగడి తెరిచేలోపు
ఐసు డబ్బా పట్టుకొని నిలబడి ఉంటాను.
రేణిగుంట రోడ్డు మీద ఇంకా లారీల లైట్లు ఆరవు.
"ఏం పాపా, ఈ పొద్దు ఎన్ని జతలు?
కండ్లతో ఏం కూరొండుతారు మీ కాలేజీలో?"
మూడేళ్ళుగా అదే ప్రశ్న.
నాలుగు పొట్టేళ్ళు నన్నే చూస్తూ
నాతోపాటు ఏర్పేడు బస్సెక్కుతాయి.

ఆరు గంటల్లో అయిపోవాలి.
ఆపైన కంటిపొర నీళ్ళు తాగి ఉబ్బుతుంది,
అప్పుడది చెప్పేదంతా అబద్ధం.

పొరను రిబ్బను ముక్కలా కోసి
రెండు కొసలూ బిగించి మిషను వేస్తాను.
మొదట్లో పిలిస్తే వచ్చే పిల్లలా సాగుతుంది.
లోపల పోగులన్నీ వంకీలు తిరిగి నిద్రపోతున్నాయి మరి.
ఒక్కొక్కటే లేచి నిటారుగా నిలబడ్డాక
గీత చటుక్కున నిక్కుతుంది,
జింకల పార్కు దాటి
మోకాళ్ళ పర్వతం తగిలినట్టు.

మా సారుకి ఆ గీత చాలు.

పోయిన కాయల సీజన్లో
ఆసుపత్రి వాళ్ళు పంపిన కుర్రాడు చెంగల్రాయుడు.
చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని.
తెరమీద అతని కంటి పటం పెట్టి
పొర పలచబడిందనీ, లోపలి ఒత్తిడికి
ముందుకు పొడుచుకొచ్చిందనీ నేను తడుముకుంటుంటే
"బెంగళూరా కాయ ముక్కు మాదిరుంది కదక్కా" అన్నాడు.
నా థీసిస్‌లో నలభై పేజీలు
ఆ ఒక్క మాట కోసం తిరుగుతున్నాయి.

దీపం చూస్తే ఏడు దీపాలంట.
బస్సు బోర్డు చూస్తే చెరిపిన పలకంట.
చెబుతూనే పిడికిలితో కన్ను రుద్దుకున్నాడు.
రోజుకెన్నిసార్లంటే నవ్వాడు.
"లెక్కెవరు పెడతారు?"

ఆ రాత్రి కంప్యూటర్లో ఒక కన్ను కట్టాను,
లక్షా పన్నెండు వేల చిన్న ముక్కలతో.
దానిమీద ఒక పిడికిలి పెట్టాను.
నొక్కాను. వదిలాను. నొక్కాను.
తెల్లవారుజామున, ఎన్ని వేలసార్లకో,
కిందివైపు ఒక ముక్క ఎర్రబడింది.
ఆ తర్వాత దాని పక్కది.
ఎవరూ కొట్టలేదు, ఏమీ గుచ్చుకోలేదు.
దురద, అంతే.

ఫోన్ చేసి చెప్పాను, రుద్దొద్దని.
"దీనికింత చదువెందుకక్కా?
మాయమ్మ దినామూ తిడతా ఉండేది అదే కదా!"
నిజమే.
ఎన్నోసారికి తెగుతుందో
మీ అమ్మ చెప్పలేదురా, అనబోయి
ఊరుకున్నాను.

మర్నాడు అంగట్లో, తలకాయలు కాల్చే పొగకి
దస్తగిరి ముంజేత్తో కన్ను నలుపుకోబోతే
"వద్దూ!" అని అరిచాను.
కత్తి ఉన్న చెయ్యి గాల్లోనే ఆగింది.
మొద్దు కింద పిల్లి కూడా
నా వంకే చూసింది.