తరుగు

శనివారం ఆఖరి లారీ గేటు దాటినంక
మిల్లు మోటర్లు ఒక్కొక్కటే గొంతు దించుకుంటుంటె
మేం నలుగురం చెప్పులిడిసి
వడ్ల కాంటా ఎక్కుతం.

మొదటి శనివారం
నా లెక్క రెండు బస్తాల మీద పదకొండు కిలోలు.
బాయిలర్ జబ్బార్ భాయ్ ఎక్కితే
కాంటా ఒక్కసారి కిర్రుమన్నది.
"అరె, బూట్లు గూడ ఇడిసిన గదా" అన్నడు.
లెక్కల ఉప్పలయ్య తాళంచెవులు తీసి పక్కన పెట్టిండు,
అద్దాలు తీసిండు,
మొలతాడు మీద చెయ్యేసి ఆగిపోయిండు.
పారిజాత మాత్రం అంకెల మీద చున్నీ కప్పి
తానొక్కతే వంగి చూసుకున్నది.
ఎంతనో ఎవ్వరికీ చెప్పలె.

షుగరు నాకు, బీపీ జబ్బార్ భాయ్‌కి,
మోకాళ్లు ఉప్పలయ్యకు.
పారిజాతకేమో పాత జాకెట్లన్నీ పగబట్టినయంట.

తెల్లారి ఐదు గంటలకు సాగర్ కాల్వ కట్ట.
మిర్యాలగూడ ఇంకా ఊకపొయ్యి పొగ కప్పుకొని
పండుకునే ఉంటది.
ముందు జబ్బార్ భాయ్ ఈల,
ఎనక ఉప్పలయ్య అడుగుల లెక్క
వెయ్యిన్ని ఇరవై, వెయ్యిన్ని ఇరవై ఒకటి,
కుక్క మొరిగితె మరిచిపోయి
మల్ల మొదటికెల్లి.
తూర్పారబట్టినట్టు ఊపిరి తీసి ఇడుస్తుంటె
తాలు పోతుందో గింజ పోతుందో తెల్వది.

గోదాంల గుట్టలు గుట్టలు సన్నబియ్యం,
మా నలుగురి ముందల జొన్నరొట్టె.
ఇచ్చంత్రం గాకపోతె ఏంది!

మూడోవారం ముసురుబట్టింది.
గేటు కాడ బండి మీద మిర్చీలు సుర్రుమంటున్నయి.
ఎవ్వరం ఎవ్వరి మొకం చూడలె.
పదహారు తిన్నం.
ఆ పొద్దు లెక్కల కాయితం మీద ఉప్పలయ్య
'వాన' అని రాసిండు.

ఐదోవారం నేను కిలోన్నర దిగిన.
"తరుగొచ్చింది, తరుగొచ్చింది" అనుకుంట
కాంటా మీదనే గెంతులేసిన.
అప్పుడు చూసిన,
షెడ్డు కింద వడ్ల కుప్ప కాడ
ధరావత్ మంగ్లి కూసోనున్నది.
దామరచర్ల దిక్కు తండా ఆమెది.
రెండొద్దులసంది తూకం కోసం చూస్తున్నది.
గాజులు మోచేతి దాక జారుతున్నయి.
మోకాళ్ల మీద గడ్డమానించి
మా ఆటంత చూసింది.

"మాకైతె అడగకముందే తీస్తరు గదా సారూ,
మీకేంది, ఇన్ని తిప్పలు?"

ఎక్కిరింపు గాదు.
నిజంగనే అడిగింది.
జబ్బార్ భాయ్ ఈల నోట్లనే ఆగింది.

తరుగు.
పదకొండేండ్లసంది నా చేత్తోటి రాస్తున్న మాట.
బస్తాకు రెండు కిలోలు,
తేమ అని, తాలు అని, మట్టి అని,
ఇవేవీ లేనప్పుడు
సేటు ఎత్తిన రెండు వేళ్లు అని.
పోయిన తూకం యాడికి పోతదని
ఒక్కనాడు అడగలె నేను.
కాంటా దిగి నడుం తడుముకున్న.

సోమవారం ఆమె వడ్లు పెట్టినం.
గింజ కొరికి చూసిన. పటుక్కుమన్నది.
సేటు ఫోన్ల ఉన్నడు.
రెండు రాయాల్సిన కాడ
ఒకటి రాసిన.
సున్నా రాయాల్సింది, తెలుసు.
ఆ దినం అంతకన్న నడవలేకపోయిన.

ఉప్పలయ్య పుస్తకం సరిచూసుకుంట
ఆ ఒకటి కాడ ఆగిండు.
అద్దాలు తీసి తుడిసి
మల్ల పెట్టుకొని
కింద సంతకం జేసిండు.

మల్ల శనివారం కాంటా ఎక్కితె
నేనేం తగ్గలె,
రెండు వందల గ్రాములు పెరిగిన గూడ.
పారిజాత మొదటిసారి చున్నీ పక్కకు తీసింది.
"డెబ్బై నాలుగు.
ఉన్నదున్నట్టు రాయన్నా" అన్నది.
రాసిన.

జబ్బార్ భాయ్ లైటు ఆర్పుకుంట
"రేపు నాలుగున్నరకే పోదాం,
ఎండలు ముదిరినయ్" అన్నడు.